మనం, మేము, అట: ఉస్మానియా ప్రాంగణపు దాంపత్య స్మృతి – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
విశ్వవిద్యాలయంలో సహాధ్యాయులుగా పరిచయమై, దంపతులై, దశాబ్దాల తరువాత ఆ రోజులను కలిసి తలచుకునేవారి స్మృతి తెలుగువారి సంభాషణలో తరచు వినిపిస్తుంది. తెలుగు రచనలో మాత్రం దానికి దక్కిన చోటు స్వల్పం. ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణాన్నీ, దాన్ని ఆనుకొని ఉన్న తార్నాక, హబ్సిగూడలనూ ఆధారస్థలంగా గ్రహించి, ఈ లేమికి సాహిత్యపరమైన కారణాలను ఈ వ్యాసం అన్వేషిస్తుంది. ఉత్తరరామచరితంలోని చిత్రదర్శన ఘట్టం, రాయప్రోలు ప్రణయ సిద్ధాంతం, 'అంపశయ్య', 'మిథునం', 'ఇల్లలకగానే', గీతా రామస్వామి ఆంగ్ల స్వీయచరిత్ర ఇందులో పరిశీలనకు వస్తాయి. దంపతులు కలిసి చెప్పే జ్ఞాపకానికి తెలుగు వ్యాకరణం ఇచ్చిన ప్రత్యేక సాధనాలను గుర్తించడం ఈ వ్యాసపు ప్రధానాంశం.

కీలకపదాలు: దాంపత్య స్మృతి, ప్రాంగణ సాహిత్యం, ఉస్మానియా, మౌఖిక చరిత్ర, స్వీయచరిత్ర, అనుశ్రుత ప్రత్యయం.

1. ప్రవేశిక

ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని తలచుకునే తెలుగు రచనలు తక్కువేమీ కాదు. అయితే వాటిలో తలచుకునే కంఠం దాదాపు ఎప్పుడూ రెండు రకాలుగానే ఉంటుంది. మొదటిది ఉద్యమ కంఠం. 1938 నాటి వందేమాతరం ఉద్యమం, అందులో బహిష్కృతులైన విద్యార్థులు నాగపూర్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి చదువు కొనసాగించడం, 1969 తెలంగాణ ఉద్యమం, 1972 ఏప్రిల్ 14న జార్జిరెడ్డి హత్య, 2009 తరువాతి ప్రత్యేక రాష్ట్రోద్యమం దీని మైలురాళ్ళు. రెండవది ఒంటరి యువకుడి కంఠం. పల్లె నుంచి వచ్చి, హాస్టలు గదిలో పేదరికంతోనూ ఆశతోనూ పెనుగులాడే విద్యార్థి గొంతు అది. మొదటి కంఠం 'మేము' అంటుంది, రెండవది 'నేను' అంటుంది. ఒక భర్త, ఒక భార్య ఎదురెదురుగా కూర్చుని 'మనం' అనుకునే మూడవ కంఠం అచ్చులో అరుదు.

ఈ కంఠం అసలు లేకపోలేదు. విశ్వవిద్యాలయానికి రోడ్డుకు ఆవల ఏర్పడిన కాలనీల సామాజిక స్వరూపమే అందుకు ఆధారం. 1958లో కూనూరు నుంచి తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ, అదే ఏడాది ప్రాంగణంలో మొదలైన కేంద్రీయ ఆంగ్ల సంస్థ (నేటి ఇఫ్లూ), 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, తార్నాక రోడ్డులోని ప్రాంతీయ పరిశోధనశాల (నేటి ఐఐసీటీ), ఆ తరువాత వచ్చిన సీసీఎంబీ కలిసి ఈ ప్రాంతాన్ని అధ్యాపకుల, శాస్త్రజ్ఞుల నివాసంగా మార్చాయి. చదివిన చోటికి నడిచి వెళ్ళగలిగే దూరంలోనే ఉద్యోగం చేసి, ఇల్లు కట్టుకొని, విశ్రాంత జీవితం గడుపుతున్న దంపతులు ఇక్కడ కనిపించడం సహజం. వారి జ్ఞాపకం ఇంట్లో మాటగా ఉంది, పుస్తకంగా లేదు. ఆ తేడాకు కారణాలు వారి సిగ్గులోనో బద్ధకంలోనో కాక, సాహిత్యం వారికి అందించిన నమూనాలలో ఉన్నాయని ఈ వ్యాసపు ప్రతిపాదన.

2. చిత్రదర్శనం

దీర్ఘకాల దాంపత్యంలో ఉన్న ఇద్దరు తమ గతాన్ని కలిసి తలచుకోవడానికి భారతీయ సాహిత్యంలో అత్యున్నత నమూనా భవభూతి ఉత్తరరామచరితంలోని ప్రథమాంకం. లక్ష్మణుడు తెచ్చి చూపే చిత్రపటాలలో సీతారాములు తమ వివాహం నుంచి వనవాసం దాకా జరిగిన కథను చూసుకుంటారు. కొత్తగా పెళ్ళైన నాటి ఇల్లు, తండ్రి బతికి ఉన్న రోజులు, గోదావరి తీరంలో మాటల మధ్య తెలియకుండానే తెల్లవారిపోయిన రాత్రులు రాముడి స్మృతిలో కదలాడతాయి.

ఆలంకారికులు స్మృతిని ముప్ఫై మూడు వ్యభిచారి భావాలలో ఒకటిగా లెక్కించారు. విప్రలంభంలోని కామావస్థలలోనూ దానికి స్థానం కల్పించారు. అంటే స్మృతి ప్రధానంగా ఎడబాటుకు సంబంధించిన భావం. ఎదురుగా లేని వ్యక్తిని తలచుకుంటారు, పక్కనే ఉన్న మనిషిని ఎవరు తలచుకుంటారు? భవభూతి ఈ స్థాపిత సంప్రదాయాన్ని తలకిందులు చేశాడు. సంభోగ శృంగారం నడుమ స్మృతిని నిలిపి, పక్కన కూర్చున్న వ్యక్తినే తలపుకు విషయం చేశాడు. ఒకప్పటి ఆమె, ఇప్పటి ఆమె ఒకే ఆసనం మీద ఉన్నారు.

ఈ ఘట్టంలో వ్యాఖ్యాతలు ముచ్చటగా చెప్పుకునే రెండు దాటవేతలు ప్రస్తుత పరిశీలనకు అత్యంత ఉపయుక్తమైనవి. మంథర చిత్రం వద్దకు వచ్చేసరికి రాముడు జవాబు చెప్పకుండా తరువాతి దృశ్యానికి మళ్ళుతాడు. మధ్యమాంబ కైకేయి వృత్తాంతాన్ని అన్నగారు దాటవేశారని లక్ష్మణుడు తనలో తాను అనుకుంటాడు. అంతకు ముందు, పెళ్ళి చిత్రంలో ఊర్మిళను చూపి ఈమె ఎవరని సీత పరిహాసంగా అడిగితే, లక్ష్మణుడే సిగ్గుపడి మరో చిత్రం వైపు దృష్టి మళ్ళిస్తాడు. తీపి జ్ఞాపకం ఎప్పుడూ ఎంపిక చేసినదే. ఏం చెబుతున్నారన్నది ఎంత ముఖ్యమో, ఏ బొమ్మ దగ్గర ఆగకుండా నడిచారన్నది అంత ముఖ్యం. పైగా చిత్రాలు చూసిన సీతకు ఆ అడవిని మళ్ళీ చూడాలన్న కోరిక పుడుతుంది, రాముడు రథం సిద్ధం చేయమంటాడు. దుర్ముఖుడు లోకాపవాదం మోసుకొచ్చాక ఆ కోరికే పరిత్యాగానికి సాధనమవుతుంది. ఒకరికి జ్ఞాపకం తిరిగి వెళ్ళవలసిన చోటు, మరొకరికి అది గోడ మీది బొమ్మ. ఇద్దరూ ఒకే పటాన్ని చూస్తున్నా చూపు ఒకటి కాదు.

3. రాయప్రోలు పీఠం, రవి గది

ఉస్మానియా 1919లో తరగతులు ప్రారంభించిన నాడే అక్కడ తెలుగు బోధనకు పూనుకున్న కవి రాయప్రోలు సుబ్బారావు. ఆధునిక తెలుగు కవిత్వంలో ప్రణయానికి సిద్ధాంతం కూర్చినవాడు ఆయనే కావడం విశేషం. అమలిన శృంగార భావన పెళ్ళినీ ప్రేమనూ వేరుచేసి, ప్రేమకు పెళ్ళి అవసరం లేని ఉన్నత స్థితిని కల్పించింది. 'తృణకంకణం'లో బాల్యం నుంచి పెనవేసుకున్న ఇద్దరిలో ఆమెకు వేరొకరితో వివాహం జరుగుతుంది. మిగిలినది స్నేహబంధం, దానికి గుర్తు గడ్డిపోచ కంకణం. భావకవులు ఈ దారిని విస్తరించారు. వారి ప్రేయసి అందని మనిషి. ఆమెను తలచుకోవచ్చు, ఆమెతో కలిసి మరొకరిని తలచుకోవడం కుదరదు. ఉస్మానియాలో తెలుగు శాఖకు పునాది వేసిన కవి కల్పించిన ప్రణయ నమూనాలోనే సహాధ్యాయిని పెళ్ళాడి వృద్ధులైన జంటకు చోటు లేదన్నమాట. ఇది రాయప్రోలు మీద ఆరోపణ కాదు. అమ్మాయిలూ అబ్బాయిలూ ఒకే తరగతిలో కూర్చునే అవకాశమే అంతంతమాత్రంగా ఉన్న కాలంలో ఆ కల్పనకు ఒక ధైర్యం ఉంది. కానీ ఆ చట్రం కాలం మారాక కూడా నిలిచిపోయింది.

అర్ధశతాబ్దం తరువాత, 1969లో వెలువడిన నవీన్ 'అంపశయ్య' ఉస్మానియా ప్రాంగణాన్ని తెలుగు నవలలో శాశ్వతం చేసింది. రవి అనే విద్యార్థి జీవితంలో ఒక్క రోజు, చైతన్యస్రవంతి పద్ధతి, హాస్టలు గది, మెస్సు, డబ్బులేమి, భవిష్యత్తు గురించిన భయం, స్త్రీ సాంగత్యం కోసం తపన. దొంగరి మల్లయ్య అనే రచయిత ఈ నవల పేరునే ఇంటిపేరుగా మోస్తూ 'అంపశయ్య నవీన్' కావడం, ఒక ప్రాంగణం ఒక మనిషిని ఎంతగా పట్టుకోగలదో చెప్పే సాక్ష్యం.

'అంపశయ్య' మీద ఇప్పటికే విస్తృతమైన విమర్శ ఉంది కనుక ఇక్కడ ఒక్క అంశమే ప్రస్తావ్యం. చైతన్యస్రవంతి శిల్పం ఏక చైతన్యానికి కట్టుబడినది. రవి చూసే అమ్మాయిలు అతడి చూపులోనే ఉంటారు. వారి దృష్టిలో ఆ రోజు ఎలా గడిచిందో తెలుసుకునే ద్వారం నవలకు లేదు, ఉండనవసరమూ లేదు. రవి ఒంటరితనమే నవలకు ప్రాణం. అయితే ఈ నవల ప్రాంగణ రచనకు ఎంత బలమైన ఆదర్శంగా నిలిచిందంటే, ఆ తరువాత ప్రాంగణ జ్ఞాపకం రాయబూనిన వారికి ఒంటరి పురుష కంఠమే సహజమైన కంఠంగా తోచింది. 'ముళ్ళపొదలు', 'అంతస్స్రవంతి' నవలలతో రవి కథ ముందుకు సాగి నవలాత్రయమైంది. అక్కడ కూడా కథకు కేంద్రం అతడి అంతరంగమే. ఇద్దరు కలిసి గుర్తుచేసుకునే శిల్పం మన నవలకు ఇంకా అలవడలేదు.

4. 'మిథునం', 'ఇల్లలకగానే'

వృద్ధ దంపతుల అన్యోన్యత అనగానే తెలుగు పాఠకుడికి మొదట గుర్తుకు వచ్చేది శ్రీరమణ 'మిథునం'. బాపు తన చేతిరాతతో ఆ కథ మొత్తాన్ని తిరిగి రాసుకున్నారు. ఎం.టి. వాసుదేవన్ నాయర్ దాని ఆధారంగా 2000లో మలయాళ చిత్రం తీశారు. 2012లో తనికెళ్ళ భరణి తెలుగులో తెరకెక్కించారు. ఇంత ఆదరణ పొందిన జంట అప్పదాసు, బుచ్చిలక్ష్మి. వారి ప్రపంచం పెరడు, వంటిల్లు, చెట్టు, రుచి. వారికి పెళ్ళికి ముందు కలిసి గడిపిన గతం లేదు. ఆమె చదువు కథకు అవసరం కాలేదు. వారి అనురాగమంతా ఇంటి ప్రహరీ లోపల పుట్టి పెరిగినది.

'అంపశయ్య'లో ప్రాంగణం ఉంది, దాంపత్యం లేదు. 'మిథునం'లో దాంపత్యం ఉంది, ప్రాంగణం లేదు. హబ్సిగూడలోని ఒక విశ్రాంత అధ్యాపక దంపతులు తమ జీవితాన్ని రాయాలనుకుంటే, తెలుగు సాహిత్యం వారి ముందుంచే రెండు ప్రసిద్ధ నమూనాలూ వారికి సరిపోవు. వారు కొత్తగా ఒకటి కనిపెట్టాలి. మామూలు మనుషులు ఆ పని చేయలేకపోవడంలో వింత లేదు.

పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథ ఈ సమస్యకు మరో పార్శ్వాన్ని తెరుస్తుంది. ఇల్లలుకుతూ అలుకుతూ తన పేరు మరచిపోయిన ఇల్లాలు ఆ పేరు కోసం వెతుక్కుంటుంది. భర్తకు ఆమె పేరుతో పనిలేదు, పిల్లలకు ఆమె అమ్మ. చివరికి ఆమెను 'శారదా' అని పిలిచి, ఆమె ఎలా చదివేదో, ఏమేం చేసేదో గుర్తుచేసేది చదువుకునే రోజుల స్నేహితురాలు. స్త్రీ పూర్వవ్యక్తిత్వానికి సాక్షి సహాధ్యాయి అని ఈ కథ స్పష్టంగా ప్రతిపాదిస్తుంది. అక్కడే ఒక ప్రశ్న పుడుతుంది: భర్తే ఆ సహాధ్యాయి అయితే? అతడు ఆమె పేరును హాజరుపట్టీలో విన్నవాడు. ఆమె సెమినార్లో మాట్లాడడం చూసినవాడు, ఆమె మార్కులు తెలిసినవాడు. అతడు మరచిపోతే అది అజ్ఞానం వల్ల కలిగిన మరుపు కాదు, సాక్షి చేసిన మరుపు. గుర్తుంచుకుంటే ఆ గుర్తు ఆమెకు ఎక్కడా దొరకని ఆస్తి.

అందువల్ల 'మేమిద్దరం కలిసి చదువుకున్నాం' అనే ముచ్చటైన వాక్యాన్ని విన్నప్పుడు విమర్శకుడు అడగవలసిన మొదటి ప్రశ్న మధ్యమాంబ వృత్తాంతం గురించే. కలిసి మొదలుపెట్టిన చదువును ఇద్దరూ ఒకేలా పూర్తిచేశారా? పీహెచ్.డి. పట్టా ఇద్దరి పేర్ల వెనుకా ఉందా? ఒకరి సిద్ధాంతగ్రంథానికి మరొకరు చిత్తుప్రతి రాసిపెట్టారా? కులం వేరైన జంట అయితే, ప్రాంగణం ఇచ్చిన స్వేచ్ఛకూ ఇరుగుపొరుగు అద్దె ఇళ్ళలో ఎదురైన ప్రశ్నలకూ మధ్య దూరం ఎంత? ఇవి జ్ఞాపకపు తీపిని చెడగొట్టే ప్రశ్నలని భావించడం సరికాదు. ఆ తీపి దేన్ని గెలిచి నిలిచిందో తెలియాలంటే ఇవి తప్పవు.

5. ఒక ఆంగ్ల స్వీయచరిత్ర

ప్రాంగణం, ప్రేమ, పెళ్ళి ఒక్కచోట కలిసే అరుదైన రచన గీతా రామస్వామి 'ల్యాండ్, గన్స్, కాస్ట్, వుమన్'. 2022లో నవయాన ప్రచురించింది. జార్జిరెడ్డి హత్యానంతరం ఉస్మానియాలో ఎగసిన వామపక్ష విద్యార్థి ఉద్యమంలోకి ఆమె రావడం, కుటుంబం నుంచి ఎదురైన నిర్బంధం, జార్జిరెడ్డి సోదరుడు సిరిల్ రెడ్డితో సహజీవనం, అత్యవసర పరిస్థితిలో అజ్ఞాతవాసం, 1980లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ స్థాపన, అనంతరం ఇబ్రహీంపట్నం ప్రాంతంలో వెట్టికీ భూమికీ సంబంధించిన పోరాటం ఇందులోని ప్రధాన ఘట్టాలు.

ఈ పుస్తకాన్ని సాధారణంగా ఉద్యమ చరిత్రగానే చదువుతారు. దాంపత్య స్మృతిగా చదివితే రెండు విషయాలు తడతాయి. మొదటిది, ఇక్కడ ప్రేమకు ఉద్యమం సాక్షి, ఉద్యమానికి ప్రేమ సాక్షి. రెంటినీ విడదీసి 'తీపి' పక్కనపెట్టి 'చరిత్ర' మాత్రమే తీసుకోవడం సాధ్యం కాదు. ప్రవేశికలో చెప్పిన 'మేము' అనే ఉద్యమ కంఠం లోపలే 'మనం' దాగి ఉంటుందని ఈ రచన నిరూపిస్తుంది. రెండవది భాష. తెలుగు పుస్తకాలను సామాన్యులకు చేర్చడమే జీవితవ్యాపకంగా పెట్టుకున్న వ్యక్తి తన కథను ఆంగ్లంలో రాయడానికి ఆమె భాషా నేపథ్యం ఒక కారణం కావచ్చు. కానీ ఆంగ్ల స్వీయచరిత్రకు, ముఖ్యంగా స్త్రీల స్వీయచరిత్రకు, సహచరుడి గురించి నిస్సంకోచంగా రాసే మర్యాద ఒకటి ఏర్పడి ఉంది. తెలుగులో భర్త గురించి రాయడమంటే కృతజ్ఞత చెప్పడమో ఫిర్యాదు చేయడమో అన్న అలవాటు బలంగా ఉంది. కొండపల్లి కోటేశ్వరమ్మ 'నిర్జన వారధి' ఆ రెండింటినీ దాటిన గొప్ప మినహాయింపు. కాని అది విడిపోయిన సహచరుడి గురించిన స్మృతి, అంటే తిరిగి విప్రలంభమే.

మౌఖిక చరిత్ర విషయంలో ఈ ప్రాంతానికి ఒక గౌరవనీయమైన సంప్రదాయం ఉంది. తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీల కథనాలను సేకరించిన 'మనకు తెలియని మన చరిత్ర' (1986) వెనుక ఉన్న స్త్రీశక్తి సంఘటన బృందంలో ఉస్మానియాలో రాజనీతి శాస్త్రం బోధించిన రమా మేల్కోటే, జాతీయ పోషకాహార సంస్థలో పనిచేసిన వీణా శత్రుఘ్న, ఆంగ్ల సంస్థలో బోధించిన సూసీ తారు, విద్యార్థి ఉద్యమం నుంచి వచ్చిన కె. లలిత ఉన్నారు. అంటే ఆ మహత్తర సేకరణ వెనుక ఉన్న చేతులలో అనేకం ఈ తార్నాక రోడ్డుకు అటూ ఇటూ పనిచేసినవే. పోరాటపు రోజులను తలచుకునేటప్పుడు ఆ స్త్రీల మాటలలో మాయాకాలపు మెరుపునూ, ఆ తరువాత తిరిగి ఇళ్ళకు పంపబడిన బాధనూ ఒకేసారి విన్నారు వారు. ఆ బృందంలోని వసంతా కన్నబిరాన్, లలిత రాసిన ఆంగ్ల వ్యాసానికి 'దట్ మ్యాజిక్ టైమ్' అని పేరు పెట్టడం యాదృచ్ఛికం కాదు. మక్కువా మనస్తాపమూ ఒకే వాక్యంలో ఉండగలవని గుర్తించిన ఆ వినికిడి, దంపతుల స్మృతి సేకరణకు కూడా అవసరమైనదే.

6. జ్ఞాపకపు వ్యాకరణం

దంపతులు కలిసి చెప్పే జ్ఞాపకం విషయంలో తెలుగుకు ఉన్న సాధనసంపత్తి అనేక భాషలకు లేదు. దీన్ని విమర్శకులు తగినంతగా వాడుకోలేదు.

మొదటిది 'మనం', 'మేము' భేదం. శ్రోతను కలుపుకొనే బహువచనమూ, మినహాయించే బహువచనమూ తెలుగులో వేరు. భార్యాభర్తలు అతిథికి చెబుతున్నప్పుడు 'మేము లైబ్రరీలో కూర్చునేవాళ్ళం' అంటారు. మధ్యలో ఒకరు మరొకరి వైపు తిరిగి 'మనం వెళ్ళింది ఆ రోజు కాదు కదా' అంటారు. ఆ క్షణంలో అతిథి గది నుంచి వెళ్ళిపోయినట్టే. కథనం నివేదిక నుంచి సంభాషణకు మారుతుంది. ఆ మార్పు చోటుచేసుకున్న స్థానాలను గుర్తిస్తే, జ్ఞాపకంలో ఇంకా తేలని తగవులు, ఇంకా చల్లారని ఇష్టాలు ఎక్కడున్నాయో తెలుస్తుంది. ఆంగ్లంలో ఈ రెండింటికీ ఒకే సర్వనామం కావడం వల్ల అనువాదంలో ఈ కదలిక మొత్తం మాయమవుతుంది.

రెండవది సంబోధన. తరగతిలో పేరు పెట్టి, 'నువ్వు' అని పిలుచుకున్నవారు పెళ్ళి తరువాత, ముఖ్యంగా పెద్దల ఎదుట, 'మీరు', 'ఏమండీ'కి మారిన సందర్భాలు కోస్తా కుటుంబాలలో ఎక్కువ. తెలంగాణ కుటుంబాలలో 'నువ్వు' నిలిచిన ఇళ్ళు చాలానే ఉన్నాయి. రెండు ప్రాంతాల మనుషులు ఒకే ఇంట్లో కలిసినప్పుడు ఏ పద్ధతి గెలిచిందన్నది చిన్న విషయం కాదు. 'మీరు' అంటూ చెప్పుకొచ్చిన ఆమె, ప్రాంగణంలోని ఒక సంఘటన దగ్గర అకస్మాత్తుగా 'నువ్వప్పుడు ఏమన్నావ్?' అని అడిగితే, అది వ్యాకరణ దోషం కాదు. కాలం మారింది, అంతే.

మూడవది క్రియ. తీపి జ్ఞాపకానికి తెలుగులో ప్రియమైన రూపం తద్ధర్మార్థక భూతకాలం: వెళ్ళేవాళ్ళం, తాగేవాళ్ళం, నడిచేవాళ్ళం. ఫ్రెంచి కథనశాస్త్రజ్ఞుడు జెరార్డ్ జెనెట్ అనేకసార్లు జరిగినదాన్ని ఒకేసారి చెప్పే కథనాన్ని వేరుగా గుర్తించాడు. తెలుగులో ఆ పని ఒక ప్రత్యయం చేసిపెడుతుంది. ఈ రూపం రోజులన్నింటినీ కలిపి ఒక మెత్తని దినంగా చేస్తుంది. అందులో తేదీ ఉండదు, గాయమూ ఉండదు. 1969లో విద్యాసంస్థలు నెలల తరబడి మూతపడినప్పుడు చదువుకుంటున్న జంట 'క్యాంటీన్లో గంటలు గంటలు కూర్చునేవాళ్ళం' అని చెబుతూ ఉంటే, ఆ గంటలు ఎక్కడి నుంచి వచ్చాయని అడగాలి. చెబుతున్నవారు ఉన్నట్టుండి 'ఆ రోజు వెళ్ళాం' అని సామాన్య భూతంలోకి వచ్చారంటే, అక్కడ ఏదో ఉంది. పరిశోధకుడు కలం ఆపవలసిన చోటు అదే.

నాలుగవది, అన్నింటికంటే విలువైనది, 'అట'. ఇతరుల ద్వారా తెలిసిన విషయాన్ని సూచించే ఈ అనుశ్రుత ప్రత్యయం ఉత్తమపురుషతో వచ్చినప్పుడు విచిత్రమైన అర్థాన్నిస్తుంది. 'ఫలితాలు వచ్చిన రోజు నేను ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చుని ఏడ్చానట' అని ఒక భర్త అంటే, ఏడ్చింది తానే, గుర్తున్నది మాత్రం భార్యకు. తన జీవితంలోని ఒక ముక్కను తన దగ్గర కాక ఆమె దగ్గర దాచుకున్నట్టు ఆ ఒక్క అక్షరం ఒప్పుకుంటుంది. అమెరికన్ మనస్తత్వవేత్త డేనియల్ వెగ్నర్ 1985లో ప్రతిపాదించిన పరస్పర స్మృతి భావన సరిగ్గా ఇదే: సన్నిహితులైన ఇద్దరు జ్ఞాపకాల భారాన్ని పంచుకొని, ఎవరికి ఏది గుర్తుంటుందో తెలుసుకొని జీవిస్తారు. 1991లో అతడు సహచరులతో కలిసి ప్రకటించిన ప్రయోగం మరింత ఆసక్తికరం. స్వేచ్ఛగా వదిలినప్పుడు నిజమైన జంటలు అపరిచితుల జంటలకంటే బాగా గుర్తుంచుకున్నాయి. ఎవరు ఏది గుర్తుంచుకోవాలో బయటివారు విధించినప్పుడు నిజమైన జంటలే వెనుకబడ్డాయి. దంపతుల ఇంటర్వ్యూలో ప్రశ్నాపత్రం పట్టుకొని 'సార్, మీరు రాజకీయాలు చెప్పండి, మేడమ్, మీరు హాస్టలు చెప్పండి' అని పంచిపెట్టే పరిశోధకుడు ఏం చేస్తున్నాడో ఈ ఫలితం చెబుతుంది.

తార్కికులు స్మృతిని సంస్కారం నుంచి మాత్రమే పుట్టే జ్ఞానంగా నిర్వచించి, ప్రమకు వెలుపల ఉంచారు. 'ఏడ్చానట' అనే వాక్యం వారి వర్గీకరణకు ఒక చిక్కు. చెప్పేవాడికి అది స్మృతి కాదు, ఆప్తవాక్యం వల్ల కలిగిన శాబ్దజ్ఞానం. ఆ ఆప్తురాలికి అది స్మృతి. ఒకే ఏడుపు, ఇద్దరిలో రెండు జ్ఞానరూపాలు. ఆ ఇద్దరిలో ఒకరు పోయిన తరువాత ఏం మిగులుతుందో ఊహించడం కష్టం కాదు. భాగస్వామి మరణంతో పోయేది ఆ వ్యక్తి స్మృతి మాత్రమే కాదు, బతికి ఉన్నవారి గతంలోనూ కొంత పోతుంది.

7. స్థలం

మనుషులకు వయసు పైబడినకొద్దీ పదికీ ముప్ఫైకీ మధ్య ఏళ్ళ అనుభవాలే ఎక్కువగా గుర్తుకు వస్తాయని స్మృతి పరిశోధకులు స్థూలంగా అంగీకరిస్తారు. చదువు ముగించే కాలమూ, తోడును ఎంచుకునే కాలమూ అందులోనే పడతాయి. ఇది ఎక్కడైనా ఒకటే. ఉస్మానియాకు ప్రత్యేకమైనవి మరికొన్ని ఉన్నాయి.

డిగ్రీ దశలో కోఠీలోని మహిళా కళాశాల వేరుగా ఉన్నందున, చాలామంది విద్యార్థినులకు అబ్బాయిలతో కలిసి చదివే అవకాశం ఎం.ఏ., ఎం.ఎస్సీ. తరగతులలోనే కలిగింది. అంటే ఈ జంటలు నలభై యాభై ఏళ్ళుగా నెమరువేసుకుంటున్న 'కాలేజీ రోజులు' లెక్కకు రెండేళ్ళు. మరొక విశేషం తరగతి భాష. 1948కి ముందు బోధన ఉర్దూలో, తరువాత ఆంగ్లంలో. తెలుగు శాఖను మినహాయిస్తే పాఠం తెలుగులో లేదు. తెలుగు మాట నడిచింది తరగతి బయట: మెట్ల మీద, మెస్సులో, బస్సులో, చెట్ల కింద. తెలుగులో చెప్పే ప్రాంగణ జ్ఞాపకాలలో పాఠాలు తక్కువగా, నడకలు ఎక్కువగా ఉండటానికి ఇది కూడా ఒక కారణమై ఉండవచ్చు. జ్ఞాపకం తనకు అందుబాటులో ఉన్న భాష జరిగిన చోటికే వెళుతుంది.

1939 డిసెంబరులో ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాల భవనం ఇప్పటికీ అలాగే ఉంది. దాని చుట్టూ ఉన్న పేర్లు మాత్రం తమ అర్థాలు పోగొట్టుకున్నాయి. హబ్షీల గూడెమని చెప్పుకునే హబ్సిగూడలో ఆ ఆఫ్రికన్ సైనికుల జాడ లేదు. తీగె కంచె దగ్గరి నాకా అంటారు కానీ తార్నాకలో తీగా లేదు, నాకా లేదు. 2017 నవంబరు నుంచి రెండు చోట్లా మెట్రో స్టేషన్లు ఉన్నాయి. అమెరికాకు తరలివెళ్ళిన జంటకు ఆ ప్రాంగణం ఫొటోలో ఉన్నట్టే ఆగిపోతుంది. స్వెత్లానా బోయిమ్ చెప్పిన పునరుద్ధరణ కోరే గృహవిరహం వారికి సులభం. రోడ్డు దాటితే ప్రాంగణం ఉన్న దంపతులకు ఆ సౌకర్యం లేదు. వారి జ్ఞాపకం ప్రతిరోజూ వర్తమానంతో తలపడాలి. నరికిన చెట్టును చూడాలి, కొత్త గోడను చూడాలి, తమకు తెలియని విద్యార్థుల నినాదాలు వినాలి. అందుకే వారి మాటల్లో 'అప్పుడిక్కడ...' అనే ఎత్తుగడ ఎక్కువ.

2017 ఏప్రిల్‌లో విశ్వవిద్యాలయం శతాబ్ది ఉత్సవాలు జరుపుకుంది. రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ప్రారంభించిన ఆ ఉత్సవాలు సంస్థను గురించి సంస్థ చేసుకున్న స్మరణ. అలాంటి సందర్భాలలో ప్రముఖుల పట్టికలు తప్పవు. పట్టిక వ్యక్తులను లెక్కిస్తుంది, జంటలను లెక్కించదు. ఒక విశ్వవిద్యాలయం ఎన్ని పట్టాలిచ్చిందో దాని దస్త్రాలలో ఉంటుంది. ఎన్ని ఇళ్ళను నిలబెట్టిందన్నది అక్కడ దొరకదు. దొరకాలనడం కూడా అత్యాశే. కానీ ఆ పని చేయవలసిన సాహిత్యం, పరిశోధన కూడా అదే పట్టికను అనుసరించాయి.

8. సేకరణ గురించి

1960, 70 దశకాలలో ప్రాంగణంలో చదివినవారు ఇప్పుడు డెబ్బై దాటారు. ఈ స్మృతిని సేకరించదలచిన పరిశోధక విద్యార్థి ముందుగా ఎదుర్కొనే సమస్య ఇంటర్వ్యూ ఎలా చేయాలన్నది. విడివిడిగా చేస్తే దాటవేసిన చిత్రాలు బయటపడతాయి. స్త్రీ మధ్యలోనే వదిలిపెట్టిన చదువు గురించి, అత్తవారింటి మొదటి ఏడాది గురించి, భర్త లేనప్పుడే వినగలం. అయితే విడిగా చేసిన ఇంటర్వ్యూలో 'మనం' పుట్టదు, 'అట' చాలా తగ్గిపోతుంది. కలిపి చేస్తే ఆ రెండూ వస్తాయి, మధ్యమాంబ వృత్తాంతం మళ్ళీ దాగుతుంది. అందువల్ల ముందు కలిపి, తరువాత విడిగా, వీలైతే మళ్ళీ కలిపి, మూడు విడతలుగా చేయడం ఉచితం. మొదటి విడతలో ప్రశ్నలు పంచిపెట్టకూడదు. రెండవ విడతలో విన్నదాన్ని మూడవ విడతలో బయటపెట్టే హక్కు పరిశోధకుడికి లేదు. అది చెప్పినవారిది.

అంతకంటే చిన్నదిగా కనిపించే మరో సమస్య లిప్యంతరీకరణ. రికార్డు చేసిన మాటలను వ్యాసానికి అనువుగా 'శుభ్రం' చేసే అలవాటు మన విశ్వవిద్యాలయాలలో ఉంది. ఆ శుభ్రతలో మొదట పోయేవి అడ్డుతగలడాలు, 'కాదు కాదు'లు, ఒకరు మొదలుపెట్టి మరొకరు ముగించిన వాక్యాలు. ఆ తరువాత 'ఏడ్చానట' కాస్తా 'ఏడ్చాను' అవుతుంది. దాంతో భార్య సాక్ష్యం భర్త స్వానుభవంగా అచ్చవుతుంది, ఆమె పేరు ఎక్కడా రాదు. రెండు గొంతులకు రెండు గుర్తులు పెట్టి, ఒకరి మాట మీద మరొకరి మాట పడిన చోట పంక్తిని పక్కపక్కన నిలిపి, 'అట'ను, 'కదా'ను, నవ్వును, మౌనాన్ని ఉన్నవి ఉన్నట్టు రాయడం మొదటి నియమం కావాలి. అచ్చులో అది అందంగా కనబడదు. వాక్యం ఎవరిదో పంక్తి పంక్తికీ తెలుస్తుంది.